మొదటి మాటకే సరే అన్నవాడు

ఏడేళ్ళుగా నేను పోపు లేని పప్పు తింటున్నాను. సాహసయాత్రలు చేసి వచ్చినవాళ్ళు పులుల గురించీ భూతాల గురించీ చెబుతారు గానీ, ఈ బాధ గురించి ఎవరూ ముందుగా హెచ్చరించరు. లోహగిరి నగరంలో వంట అంటే ఉడకబెట్టడమే. వంకాయ ఉడకబెడతారు, గుమ్మడికాయ ఉడకబెడతారు, పండగ రోజైతే రెండూ కలిపి ఉడకబెడతారు. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు దృఢకేశి, తండ్రి వైపు నుంచి రాక్షసి. వచ్చిన కొత్తలో ఒకసారి నూనెలో నాలుగు ఆవాలు వేశాను. అవి చిటపటమనగానే గోడ అవతల నుంచి పిడికిలితో ఒక్కటి గుద్దింది. గోడకు కన్నం పడింది. కన్నంలోంచి ఒక కన్ను పెట్టి చూసి, "వాసన. ఆపు," అంది. కన్నం పూడ్చే పని కూడా నాకే అప్పగించింది.

ఆపేశాను. ఆ ఊళ్ళో వేరేవాడిలా కనబడితే ప్రాణాలు దక్కవు.

అక్కడ నా పేరు టంకుడు. అసలు పేరు వీరకుశుడు. పేరు చూసి రాకుమారుణ్ణి అనుకునేరు. పద్మతీరం రాజ్యంలో, పడవల రేవులో తెడ్లు చెక్కుకునేవాణ్ణి. లోహగిరి మాంత్రికుడు వక్రదంతుడు మా వానశంఖాన్ని ఎత్తుకుపోయాడు. మా రాజధానిలో ఆ శంఖం ఊదితేనే మాకు మబ్బు పడుతుంది. దాన్ని తేవడానికి ముగ్గురు రాకుమారులు సిద్ధమయ్యారు గానీ, బయలుదేరే రోజున ముగ్గురికీ ఒకేసారి జలుబు చేసింది. సభలో అప్పుడే సింహాసనం కోడు బాగుచేస్తూ వంగి ఉన్నాను. లేచి నిలబడ్డాను. నేనే వెళతానని ముందుకొచ్చినట్టు అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటికి నాకు పెళ్ళై మూడు నెలలు. నా భార్య తరళ గుమ్మంలో నిలబడి, "తొందరగా వచ్చేయ్," అంది. నేను సరేనన్నాను.

సిద్ధయోగి అగ్నిశిఖుడు నా ముఖానికి ఒక కాటుక రాశాడు. వెంటనే లోహగిరి ముఖం వచ్చేసింది. పొద లాంటి మీసం, చప్పిడి ముక్కు, పసుపుపచ్చ కళ్ళు. "జాగ్రత్త," అన్నాడు యోగి. "ఆ నేల మీద నలుగురిలో ఎవరైనా 'నువ్వు ఇక్కడివాడివి కావు' అంటే, ఒక్కో మాటకు ఒక్కోటి ఊడుతుంది. ముందు మీసం, తర్వాత ముక్కు, తర్వాత కళ్ళు. ఏమైనా మిగిలితే అది మన నేల మీద నిలబడి మన నీళ్ళతో కడుక్కుంటేనే పోతుంది."

ఏడేళ్ళు వక్రదంతుడి ఇంట్లో చీపురు పట్టాను. వాళ్ళు మా మాటే మాట్లాడతారు గానీ చాలా పొదుపుగా వాడతారు. నేనూ పొదుపు నేర్చుకున్నాను. ఇవాళ ఉదయం మాంత్రికుడు తలంటు పోసుకుని, సాంబ్రాణి పట్టించుకుని, గుర్రు పెట్టి నిద్రపోయాడు. పెట్టె తెరిచి శంఖాన్ని బూడిదబుట్టలో దాచి, బుట్ట నెత్తిన పెట్టుకుని గడప దాటాను. ఎవరూ చూడలేదు. ఎదురుగా కోట ద్వారం బార్లా తెరిచి ఉంది. నేరుగా నడిస్తే చాలు.

కానీ ఏడేళ్ళ తర్వాత ఇంటికి వెళుతూ చేతులూపుకుంటూ ఎలా వెళతాను? "ఏం తెచ్చావ్?" అని ఎవరూ అడగరు. అడగకుండా మన చేతుల వంక చూస్తారు, అదే ప్రాణాంతకం. వానశంఖం తెచ్చాను కదా అంటే, అది రాజుగారికి. తరళకేది? తరళకు తెచ్చి మరదలికి తేకపోతే? మరదలికి తెచ్చి పక్కింటి పిన్నిగారికి తేకపోతే, రాజ్యంలో వానలు పడితే మాత్రం ఏం లాభం?

బజారుకు తిరిగాను.

లోహగిరి బజారు గురించి చెప్పాలంటే ఆదిశేషుడి నాలుకలు కావాలి. బారులు తీరిన అంగళ్ళ పైన రాగి పందిళ్ళు, వాటికి వేలాడే ఇనుప గంటలు, ఎండకు మెరిసే ఉక్కు నెమళ్ళు, కొలిమి ముందు పడుకున్న పెంపుడు మొసళ్ళు, ఏనుగు దంతంలాంటి మెడలు ఎత్తి నడిచే స్త్రీలు, వాళ్ళ వెనక సామాన్లు మోస్తూ కుర్ర గంధర్వులు. ఇంత వైభవంలోనూ చప్పుడు లేదు. అందరూ కొంటున్నారు, ఎవరూ బేరం ఆడటం లేదు. మొదటి రోజున చూసినప్పుడు ఊళ్ళో ఎవరో పెద్దవాళ్ళు పోయారనుకున్నాను.

ముద్గరుడి అద్దాల అంగడి ముందు ఆగాను. వెనకాల నెమలిపించం చెక్కిన చిన్న అద్దం చూపించాను.

"కావాలా?" అన్నాడు ముద్గరుడు.

"కావాలి."

"తీసుకో."

తీసుకున్నాను. "వెళ్ళొస్తా," అన్నాను.

"వెళ్ళు," అన్నాడు.

అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత జరిగినదానికి నన్ను కాదు, మా పద్మతీరం మొత్తాన్ని నిందించాలి. మా వైపు వెళ్ళొస్తానని చెప్పాకే అసలు మాటలు మొదలవుతాయి. చుట్టాలు వచ్చి లోపల కూర్చుని మాట్లాడేది తక్కువ. లేచి, చెప్పులేసుకుని, గుమ్మం దిగి, వీధి మొగలో నిలబడి మాట్లాడేదే ఎక్కువ. సంబంధాలు కుదిరేది అక్కడ, తగాదాలు తీరేది అక్కడ. వెళ్ళొస్తానని చెప్పి నిజంగానే వెళ్ళిపోయినవాణ్ణి చూసి, "ఏమిటో కోపం వచ్చినట్టుంది," అనుకుంటాం. ఏడేళ్ళు ఈ అలవాటును నాలుక కింద తొక్కిపెట్టి బతికాను. ఇవాళ ఇంటికి వెళుతున్నానన్న సంతోషంలో నాలుక జారింది.

"అన్నట్టు ముద్గరా, మొన్న మీ కోడలికి నలతగా ఉందన్నావు, తగ్గిందా?"

ముద్గరుడు తల ఎత్తాడు. "వెళ్తానన్నావు."

"వెళ్తున్నా. వేడినీళ్ళలో వాము వేసి తాగించండి. ఈ ఎండలు కూడా అలాగే ఉన్నాయిలే."

"వెళ్ళలేదు."

"అదిగో, వెళ్తున్నా. ఇంతకీ మీ పెద్దవాడు..."

"కాళ్ళు పని చేయవా?" అన్నాడు ముద్గరుడు, నిజంగా జాలిపడి.

జనం ఆగారు. మొసళ్ళు కూడా కళ్ళు తెరిచాయి. అప్పుడు పక్క అరుగు మీద కాళ్ళు తోముకునే రాళ్ళు అమ్మే ముసలావిడ, ఈ ఏడేళ్ళలో నోరు విప్పగా నేను చూడని మనిషి, ఒక్క ఉదుటున లేచింది. బజారు మొత్తం వినబడేలా అరిచింది.

"ఓరి నాయనో! వెళ్ళొస్తానని చెప్పి కదలకుండా నిలబడినవాణ్ణి చూసి ముప్ఫై ఏళ్ళైందిరా! నువ్వు ఇక్కడివాడివి కావు! మనవాడివి!"

నా మీసం ఊడి అద్దం మీద పడింది.

వెంటనే పరుగెత్తాలి. ఏ కథలో హీరో అయినా పరుగెత్తేవాడు. కానీ పాఠకులారా, ఏడేళ్ళ తర్వాత 'మనవాడివి' అన్న మాట చెవిన పడితే కాళ్ళు నిజంగానే పని చేయవు.

"పెద్దమ్మా, నెమ్మదిగా," అన్నాను.

"నెమ్మదేమిట్రా, నా తండ్రే! ఏ రేవు మీది? పై రేవా, కింది రేవా?"

"కింది రేవు. కొంచెం మెల్లగా..."

"కింది రేవులో ఎవరి తాలూకు? తెడ్లు చెక్కేవాళ్ళా? అయితే చెవిటి రంగసాని నీకేమవుతుంది?"

"మా అమ్మకు పెద్దక్క."

"చచ్చాం! ఆవిడ ఆడపడుచు తోడికోడలు మా అక్కే కదరా! అంటే నీకు నేను పెద్దమ్మని కాదు, పిన్నిని. పారిజాతం పిన్ని అను."

చావు ఎదురుగా ఉన్నా వరస తేలేదాకా మా వాళ్ళు ఊరుకోరు. వరస తేలేలోపు తలారి దండధరుడు జనాన్ని తోసుకుంటూ రానే వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, భుజాన ముళ్ళగుదియ.

"మీసం?" అన్నాడు.

"రాలింది," అన్నాను.

"మా మీసాలు రాలవు." నా చుట్టూ ఒకసారి తిరిగాడు. "నువ్వు ఇక్కడివాడివి కావు."

చప్పిడి ముక్కు జారిపోయి నా సొంత ముక్కు బయటికొచ్చింది. పొడుగుగా, కొంచెం వంకరగా, తరళ 'చుక్కాని' అని వెక్కిరించే ముక్కు. ఏడేళ్ళ తర్వాత దాంతో మొదటి ఊపిరి పీల్చాను. పిన్ని కొంగులోంచి హారతి కర్పూరం వాసన వచ్చింది. కళ్ళు చెమర్చాయి. దండధరుడు అది భయం అనుకుని బుట్టలో చెయ్యి పెట్టాడు. బూడిదలోంచి శంఖం తెల్లగా మెరిసింది.

"దొంగ!" అన్నాడు.

"మంచం!" అంది పిన్ని.

అరుగు వెనక మూడు దుప్పట్లూ ఒక చాపా కప్పి ఉన్నదాన్ని లాగింది. అద్భుతమైన గాలిమంచం! చందనపు కోళ్ళు, పట్టు నవారు, నాలుగు మూలలా నాలుగు వెండి హంసలు. నేను శంఖం పట్టుకుని దాని మీదకు దూకబోయాను.

"చెప్పులు విప్పి ఎక్కరా!" అని గద్దించింది.

చెప్పులు విప్పాను. పిన్ని రాళ్ళబుట్ట చంకన పెట్టుకుని ఎక్కి, "హంసల్లారా, పద్మతీరం!" అంది. వెండి హంసలు రెక్కలు విప్పాయి. దండధరుడి గుదియ ఒక కోడుకు తగిలి చెక్క లేచింది. "అయ్యో, కొత్తదిరా!" అని పిన్ని గుండె పట్టుకుంది. మంచం రాగి పందిళ్ళను చీల్చుకుని ఆకాశానికి ఎగిరింది.

లోహగిరి మా కింద బొంగరంలా తిరిగింది. ఇనుప గోపురాలు సూదుల్లా, రాజమార్గాలు దారాల్లా, ముద్గరుడు ఆవగింజలా అయిపోయారు. ముందు నీలం కొండలు, వాటి వెనక ఊదా కొండలు, వాటి వెనక మా దిక్కు.

"పిన్నీ, ఈ మంచం ఎప్పటిది?"

"ముప్ఫై ఏళ్ళ కిందటిది. మీ బాబాయి ఒక గంధర్వుడికి సేవ చేసి సంపాదించారు. ఆ ఏడే ఆయన పోయారు."

"మరి ఇన్నేళ్ళూ ఇంటికి ఎందుకు రాలేదు? ఎక్కితే చాలు కదా!"

"కొత్త మంచం నాయనా. ఊరికే ఎక్కితే నవారు సాగిపోదూ? ఏదైనా మంచి సందర్భం వస్తే వాడదామని దాచాను." పట్టు నవారును అరచేత్తో ఒకసారి తుడిచింది. "రోజూ దుమ్ము దులిపేదాన్ని. దులిపినప్పుడల్లా ఇవాళ వెళదామా అనుకునేదాన్ని. మళ్ళీ కప్పేసేదాన్ని."

వెనక నుంచి కీచుమన్న శబ్దం వచ్చింది. వక్రదంతుడు నిద్ర లేచాడు! అతని లోహగద్దలు ఏడు, ఒక్కొక్కటి ఎద్దంత, నిప్పులు కక్కుతూ మా మీదకు దూసుకొచ్చాయి. మొదటిది నవారు తాడు కొరికింది. మంచం ఒక పక్కకు వాలింది. నేను పట్టె పట్టుకుని వేలాడాను. శంఖాన్ని పళ్ళతో కరిచి పట్టుకున్నాను.

"రాళ్ళు విసురు పిన్నీ!"

పిన్ని బుట్టలో వెతకడం మొదలుపెట్టింది. ఒక రాయి తీసింది, చూసింది, పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది.

"ఏం చేస్తున్నావ్?"

"ఆగరా! మంచివి పారేస్తామా? అంచు విరిగినవి ముందు."

అంచు విరిగిన రాళ్ళతోనే నాలుగు గద్దలు కూలాయి. ఆవిడ గురి అలాంటిది. మిగిలిన మూడింటికి మంచి రాళ్ళు వాడాల్సి వచ్చింది. ఒక్కొక్క రాయి విసిరినప్పుడూ పిన్ని దానికి నమస్కారం పెట్టింది. ఏడో గద్ద ముక్కలై కింద లోయలో మోగేసరికి, మంచం వణుకుతూ గవ్వల కనుమలో వాలింది.

గవ్వల కనుమ మా రాజ్యానికి వాకిలి. రెండు కొండల మధ్య నేల మీద తెల్లటి గవ్వలతో ఒక గీత. గీతకు ఇవతల ఎవరిదీ కాని నేల, అవతల పద్మతీరం. కాపలా ఉండేది ద్వారకర్ణుడనే యక్షుడు. కొండంత శరీరం, తామరాకుల్లాంటి చెవులు, మర్రిమాను లాంటి గద. వక్రదంతుడి వేగులు మా వాళ్ళ వేషాల్లో వస్తూనే ఉంటారు. వాళ్ళను ఏరి శిలలుగా మార్చడం అతని ఉద్యోగం. గీత పక్కన అలాంటి శిలలు వరసగా ఉన్నాయి. ఒకదాని చేతిలో సంచి కూడా ఉంది.

గీత అవతల ఎండిన చెరుకుతోటలు, నెర్రెలు విచ్చిన పొలాలు. ఏమీ బాగాలేదు. అయినా కళ్ళు తిప్పుకోలేకపోయాను.

"రండి రండి!" అన్నాడు యక్షుడు, చెవులు ఊపుతూ. "ఎండన పడి వచ్చారు. అమ్మా, భోంచేద్దురుగాని."

"అబ్బే, ఎందుకు నాయనా శ్రమ, ఇప్పుడే తిని వచ్చాం," అంది పిన్ని. పొద్దున్నుంచి పచ్చిమంచినీళ్ళు కూడా తాగలేదు.

"అలా అంటే ఎలాగమ్మా? కాస్త ఎంగిలి పడండి."

"కడుపులో చోటు లేదు బాబూ."

"నా మీద ఒట్టే!"

"అంతగా అంటున్నావు కాబట్టి రెండు ముద్దలు," అంది పిన్ని. యక్షుడి ముఖం విప్పారింది. ఆవిణ్ణి చేయి పట్టి గీత దాటించాడు. పిన్ని నా చేతిలోంచి శంఖం అందుకుంది. అది అవతలి గాలి తగలగానే దానంతట అదే సన్నగా ఊపిరి తీసింది. యక్షుడు దానికి సాష్టాంగపడి, గరుడపక్షిని పిలిచి, రాజధానికి పంపించేశాడు. రాజ్యం బతికింది. ఇక మిగిలింది నేనొక్కణ్ణే.

"నువ్వు కూడా భోంచేద్దువుగాని, రా," అన్నాడు.

ఆకలి దంచేస్తోంది. పైగా లోహగిరిలో ఏడేళ్ళు, 'కావాలా' అంటే 'కావాలి', 'తీసుకో' అంటే తీసుకోవడం.

"సరే, పెట్టు," అన్నాను.

పిన్ని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. యక్షుడి చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"మొదటి మాటకే?" అన్నాడు.

"ఆకలేస్తోంది."

"పద్మతీరంలో పుట్టినవాడెవడూ మొదటి మాటకే సరే అనడు. ప్రాణం పోతున్నా రెండుసార్లు వద్దంటాడు. నువ్వు పరదేశివి!"

గద పైకి లేచింది. ఆ మాట లోహగిరి బజారులో వింటే మీసం ఊడింది. ఇక్కడ వింటే లోపల ఇంకేదో ఊడింది, అదేమిటో నాకు తెలియలేదు.

"మా అబ్బాయేనయ్యా! వరస కూడా తేలింది! రంగసాని..." అని పిన్ని అడ్డం పడింది.

"వరసలు వేగులు కూడా బట్టీపట్టి వస్తారమ్మా. పేర్లూ చెబుతారు, పుట్టుమచ్చలూ చూపిస్తారు. కళ్ళు చూడు, పసుపుపచ్చగా లోహగిరి కళ్ళు." యక్షుడు నా వైపు వంగాడు. "శంఖం తెచ్చావు కాబట్టి ఒక్క అవకాశం ఇస్తాను. ఇంకొకరు నిన్ను పలకరిస్తారు. పేర్లు ఎత్తకుండా, నువ్వెవరివో చెప్పకుండా, మావాడు ఎలా జవాబిస్తాడో అలా జవాబివ్వు. తప్పితే అదిగో, ఆ సంచివాడి పక్కన చోటుంది."

చెయ్యి ఊపాడు. గీత అవతల చిన్న పాక. అందులోంచి ఒకామె కుండ చంకన పెట్టుకుని వచ్చింది.

"పాపం, ఈ అమ్మాయి ఏడేళ్ళుగా ఇక్కడ బాటసారులకు మజ్జిగ పోస్తోంది," అన్నాడు యక్షుడు పిన్నితో. "భర్త ఇటే రావాలట. అందరికన్నా ముందు తనే చూడాలట."

తరళ.

చెంపల దగ్గర రెండు తెల్లవెంట్రుకలు. నడకలో ఆ పాత తొందర అలాగే ఉంది. గీత దాకా వచ్చి ఆగింది. నా ముక్కు దగ్గర ఆమె చూపు ఒక్క క్షణం నిలిచింది. తర్వాత నా కళ్ళలోకి చూసింది. పసుపుపచ్చ లోహగిరి కళ్ళు. ఆమె ముఖంలో వెలగబోయిందేదో ఆరిపోయింది. దారినపోయేవాళ్ళకు ఇచ్చే చిన్న నవ్వు నవ్వింది.

"దూరం నుంచి వచ్చినట్టున్నారు," అంది. "కాస్త మజ్జిగ పుచ్చుకుంటారా?"

అప్పుడు కుండలోకి చూశాను. అడుగున ఒక్క గ్లాసుడు మజ్జిగ ఉంది. నా వెనక కనుమ మలుపులో ఇంకో ముగ్గురు బాటసారులు పెదాలు తడుపుకుంటూ వస్తున్నారు.

పాఠకులారా, ఇదీ నా పరిస్థితి. గద నా నెత్తి మీద ఆగి ఉంది. 'ఇవ్వండి' అంటే శిలనవుతాను. 'అబ్బే, ఇప్పుడే తాగాను' అంటే మావాడి జవాబే. కానీ అది ఏడేళ్ళ కిందటి మావాడి జవాబు. పారిజాతం పిన్నిది ముప్ఫై ఏళ్ళ కిందటిది, యక్షుడిది ఏ యుగానిదో! వానలు లేని ఈ ఏడేళ్ళలో మా వాళ్ళు ఇంకా మూడుసార్లు అడుగుతున్నారా? లేక గ్లాసుడు మజ్జిగకు ఒక్కసారే అడిగి, వద్దంటే పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోతున్నారా? నేను వద్దన్నాక తరళ అటు తిరిగి వెళ్ళిపోతే, యక్షుడు నన్ను బతకనిస్తాడేమో గానీ, ఆమెను వెనక్కి పిలవడానికి నాకు పేరు ఎత్తే హక్కు లేదు. మీరు మా వైపుకు ఈమధ్య వచ్చి ఉంటే, ఎవరింట్లోనైనా మంచినీళ్ళు తాగి ఉంటే, దయచేసి చెప్పండి. ఇప్పుడు అక్కడ ఎన్నిసార్లు అడుగుతున్నారు? ఏమంటే ఉండమంటున్నారు? పెద్దవాళ్ళు, పెళ్ళైనవాళ్ళు, ఎవరైనా సరే త్వరగా చెప్పండి. ఆమె కుండ వంచి పట్టుకుని నా నోటి వంకే చూస్తోంది.